పదిహేడో సమాధానం

"ఫోన్లోంచి కూడా అంటుకుంటుందా అమ్మా ఈ రోగం?"

"అంటుకోదండీ. నిశ్చింతగా మాట్లాడండి."

"మరి మీ గొంతు అలా బొంగురుపోయిందేం?"

"పొద్దుట్నుంచీ వాగుతూనే ఉన్నాను కదండీ, పెద్దాయనా."

పెద్దాయన నమ్మీ నమ్మనట్టు ఫోను పెట్టేశాడు. టీచరు నవ్వుకుని, గ్లాసులో వేడినీళ్ళు ఓ గుక్క తాగింది.

బళ్ళు మూసేశాక ఆవిడను సహాయ కేంద్రం పనికి వేశారు. ఇంట్లోంచే ఫోన్లెత్తి జనం అడిగే సందేహాలకు జవాబు చెప్పాలి. ఆ జవాబులైనా సొంతవా అంటే కాదు. నలభై సమాధానాలు అచ్చేసిన కాగితం ఒకటి చేతికిచ్చారు. పాల ప్యాకెట్లు కడగాలా అంటే ఆరోది, మాస్కు ఉతికి మళ్ళీ కట్టుకోవచ్చా అంటే పదకొండోది. కాగితంలో లేనిది చెప్పకూడదు, ఉన్నది మార్చకూడదు, సొంత గోడు అసలే వెళ్ళబోసుకోకూడదు. ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూడ్డానికి పెద్దమేడం ఎక్కడో కూర్చుని అందరి లైన్లూ వింటుంది, ఉండుండి చెవిలో దూరి మాట్లాడుతుంది. సొంతంగా ఆలోచించి రాయండర్రా అని పన్నెండేళ్ళు పిల్లలతో పోరిన మనిషికి ఇదేం ఖర్మో. మొదటిరోజే తల పట్టుకుంది. తరవాత అలవాటైపోయింది.

ఫోను మోగింది. ఈసారి ఒక గృహిణి.

"మా ఆయన రోజుకు నాలుగుసార్లు స్నానం చేస్తున్నాడండీ. ట్యాంకులో నీళ్ళు మిగలట్లేదు. ఒకసారి చాలని చెప్పండి."

"అది కాగితంలో లేదమ్మా."

"లేకపోతే రాసుకోండి. పెన్ను లేదా మీ దగ్గర?"

ఆవిడను సముదాయించి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతలో మళ్ళీ మోగింది.

"నమస్కారం, సహాయ కేంద్రం. మీ సందేహం చెప్పండి."

అవతలినుంచి ఊపిరి మాత్రం వినబడుతోంది.

"చెప్పండి."

"అదీ... మేడం," అన్నాడు తడబడుతూ ఒక మగమనిషి. "మా పాపకి ఆరేళ్ళు. వాళ్ళమ్మకి ఈ జబ్బు తగిలింది, వేరే గదిలో ఉంటోంది. దగ్గరికి వెళ్ళొద్దంటే ఇది వినట్లేదు. ఈ నంబరుకి చేస్తే అన్నీ తెలిసినవాళ్ళు చెప్తారని నేనే నోరు జారాను. పోనీ... ఇంకెవరికైనా ఇస్తారా లైను?"

టీచరు మూసి ఉన్న గది తలుపు వంక చూసింది.

"ఎవరెత్తినా చదివేది ఇదే కాగితం, సార్," అంది చివరికి.

"వద్దులెండి. పెట్టేస్తాను."

"పాపకివ్వండి. ఎవరో ఒకరు చెప్పాలిగా."

ఫోను చేతులు మారింది. టీచరు గొంతు సవరించుకోబోయి మానేసింది.

"ఆంటీ, మీకు అన్నీ తెలుసంటగా?"

"కొన్ని తెలుసు."

"నేను దుప్పటి కప్పుకుని వెళ్ళి అమ్మని ఒక్కసారి పట్టుకుని వచ్చేస్తా. ఒక్కసారే. వెళ్ళొచ్చా?"

అది పదిహేడోది. టీచరుకు కంఠతా వచ్చు. అయినా కాగితం మీద వేలు పెట్టి వెతుక్కుని చదివింది. "వ్యాధి సోకినవారి గదిలోకి కుటుంబ సభ్యులు, ముఖ్యంగా పిల్లలు, ప్రవేశించరాదు."

"అంటే?"

"వెళ్ళకూడదని."

"వెనకనుంచి పట్టుకుంటే? పురుగు నోట్లోంచే కదా వచ్చేది. అమ్మ వీపుకి నోరు లేదుగా."

ఇంకోరోజైతే ఈ లా పాయింటును టీచరు నలుగురికీ చెప్పి పడీ పడీ నవ్వేది. ఇప్పుడు కాగితం మీంచి వేలు తియ్యకుండా చెప్పింది.

"అలా కూడా కూడదమ్మా."

"పోనీ ఊపిరి బిగబట్టి వెళ్తా. నేను ఇరవై దాకా ఉండగలను. మీరు లెక్కపెట్టండి కావాలంటే."

అని, నిజంగానే బిగబట్టింది. లైనులో చప్పుడు లేదు. టీచరు వేళ్ళమీద లెక్కపెట్టింది. పద్నాలుగు దగ్గర పాప బుస్సుమని గాలి వదిలేసింది.

"ఇరవై అయిందా?"

"అవలేదు తల్లీ."

"ఇంకోసారి చేస్తా."

"వద్దు తల్లీ, వద్దు."

పెద్దమేడం చెవిలో దూరింది. "టీచర్, ఏమిటా సాగదీయడం? పదిహేడు మళ్ళీ చదివి ముగించండి. వెనక బోలెడుమంది ఉన్నారు."

టీచరుకు ఆ కాగితాన్ని పరపరా చింపెయ్యాలనిపించింది. వెళ్ళు తల్లీ, ఒక్కసారి పట్టుకో, ఏం కాదు అని చెప్పడానికి ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. ఆ ఒక్క మాట అంటే చాలు, పిల్ల తలుపు తోసుకుని వెళ్ళిపోతుంది. రేపు ఆ పిల్లకు జ్వరమొస్తే? ఇంత నిస్సహాయంగా ఆవిడ ఎన్నడూ కూర్చోలేదు.

"నాన్నవి అబద్ధాలు. మీరు చెప్పింది చేస్తా," అంది పాప. "చెప్పండి ఆంటీ. వెళ్ళొచ్చా, వద్దా?"

"వద్దు," అంది టీచరు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకో తొమ్మిది రోజులు వెళ్ళకూడదు."

"తొమ్మిదేమిటి?" పెద్దమేడం గొంతు కటువుగా వినిపించింది. "కాగితంలో పద్నాలుగుంది కదా. వాళ్ళు ఏ రోజునుంచో చెప్పనే లేదు, తొమ్మిదని మీకెలా తెలుసు?"

ఫోన్లో ఎక్కడికో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు, ఆ వెంటనే ఏడుపు.

ఆ ఏడుపు ఫోన్లోనూ, గది తలుపు అవతలా ఒకేసారి వినబడింది.