బుట్టలో చెయ్యి

“ఆ బడిలో అన్నీ ఇంగ్లీషులోనే చెబుతారట. ఒక్క ముక్క అర్థంకాక నువ్వు దిక్కులు చూస్తూ కూర్చుంటే నేనేం చెయ్యనే?”

బస్సు ఇంకా టాంగా ఊళ్లోకి రానేలేదు. మ్వనాషా ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

“బడి తెరవకముందే నన్ను పరీక్ష తప్పించేశావు కదమ్మా!” అని నవ్వింది టూను.

“నవ్వు, నవ్వు. మీ అక్కా ఇలాగే నవ్వింది.”

టూను నవ్వు ఆగిపోయింది.

పెద్దపిల్ల ఏడు తరగతులూ ఇంటిభాష స్వాహిలిలో మొదటి వరసలో కూర్చుని చదివింది. పెద్దబడిలో పాఠాలన్నీ ఇంగ్లీషయ్యేసరికి నాలుగు నెలలకే పుస్తకాలు మూలపడేసింది. ఇప్పుడు కిత్తనార తోటలో కూలికి పోతోంది.

రెండోదీ ఆ దారినే పోతుందేమోనని మ్వనాషాకి కంటిమీద కునుకు లేదు. అందుకే మంచి డిక్షనరీ కావాలి. ఇంగ్లీషు మాటకి స్వాహిలిలో అర్థం చెప్పేది.

జనవరిలో బడులు తెరుస్తారు కదా, బజారంతా పుస్తకాలే.

“రా అక్కా, రా! పాప ఏ క్లాసు?” అని పిలిచాడు పుస్తకాల అంగడి నడిపే షోమరి.

“పెద్దబడిలో మొదటేడు తమ్ముడూ. ఈ పిల్లైనా గట్టెక్కాలి, అలాంటి డిక్షనరీ ఇవ్వు.”

“గట్టెక్కడమేంటక్కా, ఇది చదివితే విమానమే ఎక్కుతుంది!”

బంగారు అక్షరాలు మెరుస్తున్న లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు.

“బుట్ట మాత్రం జాగ్రత్త. ఈ నెలంతా పుస్తకాల దొంగలే.”

మ్వనాషా బుట్టని చంకలోకి లాక్కుంది.

“అది వద్దమ్మా.”

పక్కన ఒక ముసలాయన. మాసిన పొడుగు చొక్కా, కుట్టుపని టోపీ, చేతిలో ఏదో గుడ్డసంచి.

“దొంగచాటుగా అచ్చేసిన పుస్తకం అది. ఒక్కసారి లోపల తెరిచి చూడు...”

“మళ్లీ వచ్చావా పెద్దాయనా? పో ఇక్కణ్ణుంచి!” అని కసిరాడు షోమరి. “పట్టించుకోకక్కా, మతిలేని మనిషి. వచ్చిన బేరాలన్నీ చెడగొడతాడు.”

ముసలాయన షోమరి మొహంలోకి చూశాడు. గుడ్డసంచి గుండెకి అదుముకుని పక్కకి తప్పుకున్నాడు.

“పక్క అంగడివాళ్లు పంపిన మనిషై ఉంటాడే. చూపులు చూడు,” అని కూతురి చెవిలో గొణిగింది మ్వనాషా.

ఆ డిక్షనరీనే కొంది. దానితోపాటు ఇంగ్లీషు వాచకం, స్వాహిలి వ్యాకరణం కూడా.

బస్సుల దగ్గరికొచ్చాక జనం తోపులాటలో బుట్ట కదిలినట్టయింది. గిరుక్కున తిరిగి చూసింది.

ముసలాయన చెయ్యి మోచేతిదాకా బుట్టలో ఉంది.

“దొంగ! దొంగ!”

ఆ బజార్లో ఆ మాట రెండోసారి అరవాల్సిన పని లేదు.

నారింజలమ్మేవాళ్లు, బస్సు క్లీనర్లు, మూటలు మోసేవాళ్లు పనులు ఎక్కడివక్కడ వదిలి పరిగెత్తుకొచ్చారు. ముందు చెప్పులు, తర్వాత కర్రలు, ఆ తర్వాత రాళ్లు.

“కొట్టకండి! ఆయనేం తియ్యలేదు!” అని టూను ఏడ్చింది.

ఎవరూ వినలేదు. వాళ్లమ్మా వినలేదు. పిల్లని ఒక చేత్తో, బుట్టని ఒక చేత్తో లాక్కుని కదులుతున్న బస్సెక్కేసింది.

కిటికీలోంచి షోమరి కనిపించాడు. తల వంచుకుని పుస్తకాల మీద దుమ్ము దులుపుతున్నాడు.

ఇంటికొచ్చి టూను కొత్త డిక్షనరీ తెరిచింది. సగం దాకా అవే పేజీలు మళ్లీమళ్లీ ఉన్నాయి. చివరి అక్షరాలు అసలు లేనేలేవు. మిగతా పుస్తకాల కోసం బుట్టలో చెయ్యి పెట్టింది.

“అమ్మా, ఇదేంటి? ఇది మనం కొనలేదుగా?”

బుట్ట అడుగున ఇంకో పుస్తకం ఉంది. అట్ట ఊడిపోతే గుడ్డపెట్టి కుట్టిన పాత డిక్షనరీ. ప్రతి కష్టమైన మాట పక్కనా నీలిసిరాతో, గుండ్రటి అక్షరాలతో ఎవరో స్వాహిలిలో రాసిపెట్టారు.

ఆవిరికి ఇంగ్లీషులో ఉన్న మాట పక్కన, “మీ అమ్మ కుండ మీద మూత తీస్తే పైకి లేచేది” అని ఉంది.

టూను ఆ పుస్తకం పట్టుకుని పొద్దువాలేదాకా లేవలేదు.

“అమ్మా, అర్థమవుతోందే నాకు!”

ఎన్నాళ్లనుంచో వినాలనుకున్న మాట. మ్వనాషా మాత్రం తింటున్న పళ్లెం పక్కకి నెట్టేసింది. ఆ చెయ్యి బుట్టలోకి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు బస్సు దిగుతూనే షోమరి దగ్గరికి పరిగెత్తింది. అంగడి తెరిచే ఉంది. పుస్తకాలు మాత్రం పరచలేదు.

“ఆ పెద్దాయన ఏ ఆసుపత్రిలో ఉన్నాడు తమ్ముడూ? కాళ్లు పట్టుకుంటాను.”

“నిన్న సాయంత్రమే పోయాడు. ఈ పొద్దున్నే మట్టి చేశారు.”

మ్వనాషా తల బాదుకుంది.

“దొంగ అని అరిచినదాన్ని నేను. ఈ పాపం నాది. కానీ అంతమంది కొడుతుంటే, ఈయన ఫలానా, దొంగ కాదు అని చెప్పే మనిషి ఒక్కడూ లేకపోయాడా?”

షోమరి పుస్తకాల కట్ట ముడి విప్పి, మళ్లీ బిగించాడు.

ఒక బస్సొచ్చి జనాన్ని దింపి పోయింది. ఇంకోటొచ్చింది. ఎవరో వచ్చి వాచకం ఉందా అని అడిగితే, ఇవాళ అమ్మడంలేదని పంపేశాడు.

“ఉన్నాడక్కా, నీ ముందే,” అన్నాడు చివరికి. “ఆయనెవరో చెబితే, నా బేరాలకి ఎందుకు అడ్డుపడుతున్నాడో, నేను అమ్మేదేంటో కూడా చెప్పాల్సొస్తుందని నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పంతులుగా చేశాడు ఆయన. మా నాన్న.”