జోస్యంలో పేరు

ఆ రోజుల్లో కబడ్డీ ఆటగాళ్ళ బదిలీ జోస్యం వాతావరణ వార్తల్లా గంటగంటకూ ఇంటింటికీ వచ్చేది. ఎవరిని వేరే జట్టుకు ఇచ్చేస్తారో యంత్రం నూటికి ఇంత అని చెప్పేది. విశాఖ జట్టులో తొమ్మిదేళ్ళుగా కూతకు వెళ్తున్న పైడితల్లికి ఆ ఉదయం ఎనభై ఆరు వచ్చింది.

పాలు పోసే కొండమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "రేపట్నుంచి పాలు మానేయమంటావేటమ్మా?"

మధ్యాహ్నం ఇంటి యజమాని ఎవరినో వెంటబెట్టుకొచ్చి గదులు చూపించాడు. భర్త సూర్రావు గిన్నెలు మూటగట్టాడు. ఈ జోస్యం మొదలైన మూడేళ్ళలో అలా కట్టి, మళ్ళీ విప్పడం పదకొండుసార్లయింది.

సాయంత్రం మేనేజరు పిలిపించాడు. "కొత్తపిల్లలతో జట్టు కడుతున్నామమ్మా. నీ జీతం మొయ్యలేం. వేరే జట్టుకెళ్తావా, ఆట మానేసి సగం జీతానికి వీళ్ళకు కూత నేర్పుతావా?"

తన మోకాళ్ళలో ఇంకా రెండేళ్ళ ఆట ఉందని పైడితల్లికి తెలుసు.

"ఆట మానేస్తే జోస్యంలో నా పేరుండదు కదండీ?"

"ఉండదు."

"అయితే నేర్పుతాను."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, సూర్రావు భుజం మీద తలపెట్టి చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు మైదానంలో పంతొమ్మిదేళ్ళ జయంతి బెదురుగా దగ్గరికొచ్చింది. "అక్కా, నిన్ననే దిగాను. అప్పుడే నాకు నలభై చూపిస్తంది. సామాను విప్పీనా, వద్దా?"

"విప్పీ తల్లీ," అంది పైడితల్లి. "ముందు కూత పట్టు. ఊపిరి ఎంతసేపుంటాదో చూద్దాం."