ఛైర్‌పర్సన్ భర్త అధికారాలు

మున్సిపల్ ఛైర్‌పర్సన్‌గా ఎన్నికైన మర్నాడే అనంతమ్మ నేరుగా కమిషనర్ గదిలోకి వచ్చింది. శివశంకర్ గబుక్కున లేచి నిలబడ్డాడు.

"మీరెందుకొచ్చారు మేడమ్? కబురు చేస్తే నేనే మీ గదికి వచ్చేవాణ్ని కదా!"

"ఏం కాదు సార్. జర అడిగేటియి ఉన్నయి." ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని నోటుబుక్కు తెరిచింది. మొన్నటిదాకా గద్వాల చీరలు నేసిన చెయ్యి పెన్నును గట్టిగా పట్టుకుంది.

"కౌన్సిల్ మీటింగు ఎవరు నడుపుతరు?"

"మీరే మేడమ్."

"అండ్ల చేసిన తీర్మానాలు అమలు చేసేది?"

"నేను."

"ఆఫీసు పనోళ్లకు ఆర్డర్లు?"

"అదీ నేనే," అన్నాడు శివశంకర్ కాస్త బిగుసుకుని. మొదటిరోజే పెత్తనం కోసం పేచీ మొదలైందనుకున్నాడు.

ఆమె తలూపి అన్నీ రాసుకుంది. "మరి ఛైర్‌పర్సన్ భర్తకు ఏమేం అధికారాలుంటయి?"

శివశంకర్ నవ్వు ఆపుకున్నాడు. "చట్టంలో ఆయన ఊసే లేదు మేడమ్."

"గదే ముక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్దర కొట్టి ఇయ్యుండ్రి."

"ఎందుకు మేడమ్?"

"నేను సగం నేసిన చీర మీద మా ఆయన చెయ్యి పెట్టడు సార్. చెయ్యి మారితే నేత తేడా కొడ్తదని ఆయనకు తెల్సు. గీ ఆఫీసు సంగతే తెల్వదు." అనంతమ్మ పెన్నుకు మూత పెట్టింది. "మిమ్ముల్ని నా గదికి పిలుద్దామంటే, పొద్దుగాల నుంచి నా కుర్చీల ఆయనే కూసోనున్నడు."