పదేసి నిమిషాలు

హేవోన్ ముప్పై తొమ్మిదో గుంజీ తీస్తుండగా నాన్న పిలిచాడు.

"ఏమే, ఆ కుప్పిగంతులు ఆపి ఇలా రా. నూట మూడో బ్లాకు ఆవిడ కోటు ఇచ్చిరావాలి."

"డ్రయ్యర్ ఆగడానికి ఇంకా ఆరు నిమిషాలుంది నాన్నా. అంతవరకే."

"ఆరు నిమిషాల్లో ఆవిడ రెండుసార్లు ఫోన్ చేస్తుంది. వెళ్ళు, వెళ్ళు."

ఆవిడ ఫోన్ చేసే మనిషి కాదు. కోటు గురువారం ఇచ్చినా చాలని చీటీ మీద రాసే ఉంది. ఇవాళ సోమవారం. హేవోన్ పళ్ళు నూరుకుంటూ కోటు భుజాన వేసుకుంది.

రెండు నెలల కిందట స్కాన్ చూసి డాక్టర్ ఆమెకు ఖరాఖండిగా చెప్పాడు. లివర్లో ముప్పై శాతం కొవ్వుంది. అది పది లోపుకు దిగాలి. దిగకపోతే తాను చేయగలిగిందేమీ లేదు. జిమ్‌కి వెళ్ళే తీరిక తనకెక్కడిదని ఆమె ఏడుపుమొహం పెట్టింది.

"జిమ్ అక్కర్లేదమ్మా. పదేసి నిమిషాలు చాలు, రోజుకు నాలుగైదుసార్లు. ఆయాసం రావాలి, అంతే" అన్నాడు డాక్టర్.

ఆ పదేసి నిమిషాలే దొరకడం లేదు. కొరియాలోని సువోన్ నగరంలో, అపార్ట్‌మెంట్ల నడుమ లాండ్రీ అంటే పొద్దున్న ఏడింటికి షట్టర్ ఎత్తింది మొదలు ఊపిరాడదు. ఉతకడం ఆమే, ఇస్త్రీ ఆమే, ఇంటింటికీ మోసుకెళ్ళడం ఆమే. ముప్పై ఏళ్ళు ఇస్త్రీపెట్టె వదలని నాన్న దాల్సు, ఈమధ్య అది కూడా కూతురికే అప్పగించి కౌంటర్ వెనక స్టూలెక్కి కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా దిగడు. అడ్డుపుల్లలు వేయడానికి మాత్రం నోరు బాగానే లేస్తుంది.

నూట మూడో బ్లాకులో ఆవిడది పదిహేనో అంతస్తు. మెట్లెక్కి వెళ్తే ఒక పది నిమిషాల లెక్క తీరిపోతుంది. హేవోన్ మెట్ల తలుపు మీద చెయ్యి వేసేలోగా గార్డు హాన్ అడ్డొచ్చాడు.

"అటు కాదమ్మాయ్. లిఫ్టు ఇటు."

"నేను మెట్లమీదే వెళ్తా బాబాయ్."

"మీ నాన్న ఇప్పుడే ఫోన్ చేశాడు. మెట్లెక్కితే కోటు నలుగుతుందట. దగ్గరుండి లిఫ్టెక్కించమన్నాడు. నాకెందుకొచ్చిన గొడవ చెప్పు? నా యూనిఫారం ఆయన ఊరికే ఉతికించి పెడతాడాయె."

లిఫ్టెక్కక తప్పలేదు. మూడో అంతస్తులో దిగిపోయి, మిగతా పన్నెండూ పరుగున ఎక్కింది.

తిరిగొచ్చేసరికి కౌంటర్ మీద వేయించిన కోడి డబ్బా ఉంది. పక్కనే రెండు పొట్లాల ఇన్‌స్టంట్ పొడి కలిపిన పంచదార కాఫీ.

"వేడిగా ఉంది, తిను."

"నూనె, పంచదార ముట్టుకోవద్దన్నారని ఎన్నిసార్లు చెప్పాలి?"

"వాళ్ళు వెయ్యి చెబుతారు. అద్దంలో చూసుకున్నావా? చీపురుపుల్లలా అయిపోయావు. ఒక్క ముక్క తినవే."

ఆయన మాత్రం ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. తనకు అరగదంటాడు.

హేవోన్‌కు ఒళ్ళు మండిపోయింది. "నీకసలు ఏం కావాలి నాన్నా? శుక్రవారం స్కాన్. ఇదే ఆఖరుది. పది దాటిందంటే ప్రాణాలమీదికొస్తుంది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఇలా చేస్తున్నావా?"

"ఇంకా ముప్పై నిండలేదు నీకు. ప్రాణాల గొడవ నీకెందుకే? కాఫీ చల్లారిపోతోంది, తాగు."

దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆమె కాఫీ తీసుకెళ్ళి సింకులో పారబోసింది. వెనక గదిలో తలుపేసుకుని, ఏడుస్తూనే ఎనభై గుంజీలు తీసింది. పగవాళ్ళు కూడా ఇన్ని అడ్డంకులు పెట్టరనుకుంది.

బుధవారం ఆమె బూట్లు కనిపించలేదు.

"మురికిగా ఉన్నాయని మెషిన్లో వేశాను" అన్నాడు దాల్సు. ముప్పై ఏళ్ళ లాండ్రీలో ఆయన ఇంటివాళ్ళ బూట్లు ఉతకడం అదే మొదలు.

ఆమె చెప్పులతోనే మెట్లెక్కింది. బొటనవేలు చితికింది. కట్టు కట్టుకుని మళ్ళీ ఎక్కింది.

శుక్రవారం షట్టర్ దించి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. పొద్దున్న స్కాన్ తీశారు. ఫలితానికి మధ్యాహ్నం నాలుగో అంతస్తుకు రమ్మన్నారు. ఆయన లిఫ్టులో వెళ్ళాడు. ఇక ఎక్కినా ఒరిగేదేమీ లేదని తెలిసీ, ఆమె మెట్లమీదే వెళ్ళింది.

డాక్టర్ తెర వైపు చూసి తలాడించాడు. "ఎనిమిది."

హేవోన్ కుర్చీలో కూలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వింది, ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని చూస్తే, నాన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంకోసారి చూడండి డాక్టర్. మెషిన్ తప్పు చెప్పిందేమో" అన్నాడాయన.

"రెండుసార్లు చూశానండీ."

"మూడోసారి చూస్తే ఏం పోయింది?"

"నాన్నా!" హేవోన్ గొంతు గది దాటి వినబడింది. "రెండు నెలలు నన్ను కాల్చుకు తిన్నావు. గెలిచానని ఒక్కసారైనా సంతోషించవా?"

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూపులు చూశాడు.

డాక్టర్ ఒక కాగితమూ పెన్నూ ఆయన ముందుకు జరిపి, "ఇక సాకులేమీ మిగల్లేదు దాల్సుగారూ, మీ అమ్మాయి లివర్ సగం కోసి మీకు పెట్టడానికి ఈసారైనా వద్దనకుండా సంతకం పెట్టండి" అన్నాడు.