పుట్టింటి కొమ్మ

"కాళ్ళు కడుక్కోండమ్మగారూ. లోపలికి మాత్రం వెళ్ళకండి."

మొక్కల చుట్టూ వల కప్పి కట్టిన నెట్‌హౌస్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు అబ్బులు.

ప్రసన్నకుమారికి ఒళ్ళు మండింది. అది ఆమె తమ్ముడి తోట. ఏలూరు చుట్టుపక్కల కనకరాజు నిమ్మతోటంటే తెలియనివాళ్ళు లేరు.

"ఏరా తమ్ముడూ! నీ తోటలో నన్ను ఆపేవాడు కూడా ఉన్నాడా?"

కనకరాజు నవ్వాడు.

"విదేశం నుంచి తెప్పించిన గింజలేని నిమ్మ అక్కా. తెగులు లేదని ఆఫీసర్లు తేల్చేదాకా ఆకు కూడా బయటికి పోకూడదు. వీడెక్కణ్ణుంచో వచ్చి కాపలా పని అడిగాడు. నన్నే కాళ్ళు కడుక్కోమంటాడు!"

"నాకు చీరొద్దు, సారె వద్దు. మా తోటలో అంటు కట్టుకోడానికి ఒక్క కొమ్మ ఇయ్యి."

కనకరాజు తల గోక్కున్నాడు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు వట్టి చేతులతో వెళ్ళకూడదు. నోరు తెరిచి అడిగి, లేదనిపించుకుని వెళ్తే ఆ ఇంటికి అరిష్టం.

"తలుపు తియ్యరా."

"వద్దు బాబుగారూ. ఆఫీసర్లు వచ్చేదాకా ఆగండి. నేనూ ఒకప్పుడు..."

"నీ కథలెవడడిగాడు? తియ్యి!"

అబ్బులు వంగి ప్రసన్నకుమారి కాళ్ళు పట్టుకున్నాడు.

"అడక్కండమ్మగారూ. మీ ఇల్లు చల్లగుండాలి. అడక్కండి."

"కొమ్మకి ఇంత ఏడుపా?" ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నీ బాబు సొమ్మేవన్నా పోతోందేంట్రా?"

కాయలు కోసే కూలీలు నవ్వారు. కనకరాజు అతన్ని పక్కకి తోసేశాడు. ఆ పూటే పనిలోంచి తీసేశాడు.

అక్కకి కొమ్మ ఇచ్చాడు. ఎలాగూ తలుపు తీశాం కదా అని తన తోటలోనూ కొన్ని అంట్లు కట్టించాడు.

తర్వాత ఆఫీసర్లు వచ్చారు. మొక్కల్లో తెగులుందని తేల్చారు. నెట్‌హౌస్ మొత్తం కాల్పించారు. బయటికి వెళ్ళిన కొమ్మల సంగతి కనకరాజు చెప్పలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి అక్క తోట ఎండింది. ఆమె తమ్ముడితో మాట మానేసింది. ఆ వెనకే కనకరాజు తోట పసుపు తిరిగింది.

"మందు లేదండి. పీకి కాల్చెయ్యడమే," అన్నాడు ఆఫీసరు కిరణ్ కుమార్.

చెట్లు మండుతున్నాయి. కనకరాజు చూస్తూ నిలబడ్డాడు.

"కొమ్మ బయటికెలా పోయిందండీ? కాపలా పెట్టుకోలేదా?"

"ఉండేవాడండి. అబ్బులని. తీసేశాను."

ఆఫీసరు గిరుక్కున తిరిగాడు.

"అబ్బులుగారా? గూడెం వైపు మనిషి? ఇప్పుడెక్కడున్నారండీ?"

"ఆకివీడులో చేపల చెరువుకి కాపలా ఉంటూ పోయాడటండి."



"ఆయన తోటలోనే మేం ఈ తెగులు మొదట చూశాం. అప్పటికే కూతురు అడిగిందని ఒక్క కొమ్మ ఇచ్చేశారు. అల్లుడి తోట పోయింది. అల్లుడు పురుగుమందు తాగి పోయాడు."

మంటకేసి చూస్తూ అన్నాడు.

"పక్కవాళ్ళ తోటలైనా మిగలాలని, మేం చెప్పకముందే, తన ముప్పై ఎకరాలకీ ఆయనే నిప్పు పెట్టుకున్నారండి."