కరగని గొంతు

“మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ. దయచేసి లైన్లోనే ఉండండి.”

“అర్థమైతే ఆ నంబరేదో చెప్పమ్మా తల్లీ! ఇక్కడ మనిషి ప్రాణం పోతోంది!”

టీచర్ గొంతు చించుకుని అరిచింది. ఫోను చెవికి అదుముకుని గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మంచం మీద నాన్న ఎగశ్వాస తీస్తున్నాడు. ఆయనకు ఊపిరి అందించే అద్దె మిషన్ ఇందాక కుయ్యిమని ఓ కూత కూసి ఆగిపోయింది. దాని బదులు తగిలించిన బుల్లి సిలిండర్ మీద ముల్లు ఎర్రగీత వైపు దిగిపోతోంది.

ఇంకో సిలిండర్ కోసం తమ్ముడు ఆ అద్దె మిషన్ కంపెనీ గోడౌన్‌కి పరుగెత్తాడు. గోడౌన్ ఎక్కడో కాదు, పక్క వీధిలోనే. వాళ్లు సిలిండర్ తీసి గుమ్మంలో పెట్టారు కూడా. కానీ ఫోన్లో ఫిర్యాదు నంబరు తీసుకుంటేనే చేతికిస్తారట! డాక్టరేమో, ఆయన్ని ఇప్పుడు కదిలించొద్దు, ముందు సిలిండర్ మార్చండి అన్నాడు. అదీ సంగతి. కావాల్సింది ఒక్క నంబరు. అది ఈ ఫోన్లో మాట్లాడుతున్న పిల్ల దగ్గరుంది.

“మిషన్ ఎవరి పేరు మీద ఉందో వారు మాట్లాడితే వెంటనే నంబరు ఇస్తానండీ.”

“మా నాన్న పేరు మీదుంది. ఆయన మాట్లాడగలిగితే నాకీ గోలంతా ఎందుకూ?”

“మీ కోపంలో న్యాయం ఉందండీ. మీ స్థానంలో నేనున్నా ఇలాగే బాధపడేదాన్ని.”

టీచర్ ఠక్కున ఆగిపోయింది. ఇది తన వాక్యం! అక్షరం పొల్లు పోకుండా తను నేర్పిన వాక్యం.

పేదింటి పిల్లలకి ఉచితంగా పని నేర్పి, ఉద్యోగాలు చూసిపెట్టే సంస్థ ఒకటుంది. అందులో ఫోన్లో మాట్లాడటం నేర్పేది తనే. కోపిష్టి కస్టమర్ వేషం కట్టి, తిట్టి, శాపనార్థాలు పెట్టి, వెక్కివెక్కి ఏడ్చి పిల్లల్ని రాటుదేల్చేదీ తనే. ఈ గొంతు కూడా తనకు తెలిసిందే. ఇది కుళాయి!

వాళ్లమ్మతో పాటు ఇంటింటికీ వెళ్లి అంట్లు తోముకునే పిల్ల. క్లాసులో టీచర్ దొంగ ఏడుపు మొదలెట్టగానే దాని కళ్లు ధారలు కట్టేవి. అడక్కుండానే నంబరు ఇచ్చేసి, “ఊరుకోండి టీచర్” అని తనే ఓదార్చేది. క్లాసంతా కలిసి కుళాయి అని పేరు పెట్టేసింది. “దొంగలు కూడా ఏడుస్తారే పిచ్చిదానా! మిషన్ ఎవరిదో వాళ్ల గొంతు వినందే నంబరు ఇవ్వకూడదు. నువ్వు కరిగితే నీ ఉద్యోగం కూడా కరిగిపోతుంది” అని టీచర్ నెత్తీ నోరూ కొట్టుకుంది. అయినా పరీక్ష తప్పింది. చివరికి టీచరే పూచీ ఉండి, వాళ్లనీ వీళ్లనీ కాళ్లావేళ్లా పడి బతిమాలి ఉద్యోగం ఇప్పించింది. పిల్ల చేరి ఇంకా వారం కాలేదు.

టీచర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంకెవరి చేతిలో పడినా ఏమయ్యేదో గానీ, ఇది వెన్నముద్ద.

“ఒసేయ్ కుళాయీ! నేనే, మీ టీచర్ని! ఆ నంబరు ఇలా చెప్పవే!”



“క్షమించాలండీ. తెలిసినవారు, తెలియనివారు అని మాకు తేడా ఉండదు. అందరూ సమానమే.”

ఇదీ తన వాక్యమే! టీచర్‌కి తల గోడకేసి బాదుకోవాలనిపించింది. ఫోను నాన్న నోటి దగ్గర పెట్టింది.

“నాన్నా, ఒక్క మాట! మీ పేరు చెప్పండి నాన్నా!”

ఆయన పెదాలు కదిలాయి. మూలుగు తప్ప మాట రాలేదు.

“మాట స్పష్టంగా లేదండీ.”

తలగడ పక్కనున్న నాన్న ఫోను మోగింది. తమ్ముడు. “అక్కా, వచ్చిందా? గోడౌనాయన భోజనానికి వెళ్తాడట. తాళం తీసుకుని నిలబడ్డాడు. తొందరగా కానీ!”

“ఆపరా ఆయన్ని! కాళ్లు పట్టుకునైనా ఆపు!”

ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. నాన్న చెయ్యి దుప్పటిని గుప్పిట పట్టి లాగుతోంది. టీచర్ మంచం కోడు పట్టుకుని కూలబడింది. క్లాసులో ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కే లేదు. అదంతా ఉత్తదే. ఇప్పుడు మాత్రం కడుపులోంచి తన్నుకొచ్చింది ఏడుపు.

“నీకు దణ్ణం పెడతానే... మా నాన్న వెళ్లిపోతున్నాడే... నాకు అమ్మైనా నాన్నైనా ఆయనేనే... ఒక్క నంబరు చెప్పవే బంగారం...”

అవతల గొంతు తగ్గింది. పక్కవాళ్లకి వినపడకుండా, మెల్లగా, “టీచర్...” అంది.

“చెప్పమ్మా! చెప్పు తల్లీ, రాసుకుంటున్నా!”

“మీరని మొదటి మాటకే పట్టేశాను టీచర్! ఉద్యోగంలో చేరిన వారంలోనే ఇలా ఫోన్ చేసి పరీక్ష పెడతారని సీనియర్ అక్కలు చెప్పేశార్లెండి. ఆ మూలుగు ఎవరితో చేయించారో గానీ, అమ్మో, ఇంకాస్తయితే ఇచ్చేసేదాన్నే! చూశారా, ఈసారి ఒక్క కన్నీటి చుక్క రాల్లేదు. మీ పరువు నిలబెట్టాను కదా? ఇక ఉంటాను టీచర్, లైన్లో నిజం కస్టమర్లు ఎదురుచూస్తున్నారు.”