తలకాయ లేని కొర్రమీను

"ఇది నువ్వే ప్యాక్ చేసినవా రా?"

మొయినాబాద్‌లోని చేపల ప్యాకింగ్ షెడ్డులోకి చిల్కూరులో చేపలమ్మే అంతమ్మ దూసుకొచ్చి, గడ్డకట్టిన ప్యాకెట్‌ను కొడుకు నాగేందర్ ముందు విసిరికొట్టింది. దాని మీద 'చిల్కూరు చెరువు కొర్రమీను' అని స్టిక్కర్ ఉంది.

"అవ్వా, మెల్లగ! లోపట సార్ ఉన్నడు."

"ఉండనీ! నా తొట్టిల చేపలు ఎగురుతుంటే, కార్ల వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్ల ఇది చూపెట్టి, 'నీ చేపలకు లేబుల్ ఏది' అన్నది. వారం సంది గిదే లొల్లి, ఒక్కటి గూడ అమ్ముడుపోలే. కొర్రమీనును పానంతోనే అమ్ముతం, కొనేటోళ్ల ముంగటనే కోస్తం. తలకాయ, తోలు లేని ముక్కకు మన చెరువు పేరెట్ల పెట్టిండ్రురా?"

అంతమ్మ గోటితో స్టిక్కర్ పీకింది. కింద ఇంగ్లీషులో ఇంకో లేబుల్ బయటపడింది.

"చదువు."

"వియత్నాం. బయటి సరుకుకు దేశం పేరు రాయాల్నని కానూన్ ఉన్నది. అది కనవడకుండ పైన ఇది అతికిస్తున్నం."

"మీ సార్ పట్నపోడు. మన చెరువు పేరు ఆయనకెవరు చెప్పిండ్రు?"

నాగేందర్ తల దించుకున్నాడు.

"నేనే, అవ్వా. మంచి పేరు చెప్పమన్నడు. చెప్పినంక సూపర్‌వైజర్‌ను చేసిండు."

అంతమ్మ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అరుపులు విని యజమాని బయటికొచ్చాడు. "ఎవరీమె నాగేందర్? మీ ఊరేనా?"

కొడుకు నోరు తెరిచేలోపే అంతమ్మ అంది:

"కాదు సార్. ఈ పిలగాడు ఏ ఊరోడో నాకు తెల్వది."